డెంగీ యాంటీబాడీ రిపోర్టులను పోల్చి చూడటం ఎలా?

డెంగీ అనుమానంతో రెండు ల్యాబుల్లో రక్తం ఇస్తే ఒకచోట పాజిటివ్, మరోచోట నెగెటివ్ రావడం వానాకాలంలో తరచూ వినే మాటే. ఏ ల్యాబుది తప్పో తేల్చే ముందు రెండు రిపోర్టుల మీదా నమూనా సేకరించిన తేదీ చూసి, అది జ్వరం మొదలయ్యాక ఎన్నో రోజో లెక్కకట్టాలి. రిపోర్టు చేతికొచ్చిన తేదీతో ఈ లెక్కకు పనిలేదు.

రిపోర్టులో కనిపించే ఎన్‌ఎస్‌1 యాంటీబాడీ (ఇన్ఫెక్షన్‌ను ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసే ప్రొటీన్) కాదు, వైరస్‌కు చెందిన ప్రొటీన్. మొదటి ఐదు రోజుల్లో దాన్ని పట్టుకోవడం తేలిక. ముందుగా తయారయ్యే ఐజీఎం రకం యాంటీబాడీలు సాధారణంగా నాలుగైదు రోజుల తర్వాతే పరీక్షకు అందే స్థాయికి చేరతాయి కాబట్టి, మూడో రోజున ఐజీఎం నెగెటివ్ వచ్చినంత మాత్రాన డెంగీ లేదనుకోకూడదు. అవి రెండు మూడు నెలలు రక్తంలో ఉండిపోతాయి కనుక, నిన్న మొదలైన జ్వరానికి ఐజీఎం పాజిటివ్ వచ్చినా అది పాత ఇన్ఫెక్షన్ తాలూకు జాడ కావచ్చు. ఐజీజీ అనే మరో రకం యాంటీబాడీ ఆలస్యంగా వచ్చి ఏళ్ల తరబడి ఉంటుంది; అదొక్కటే పాజిటివ్ అయితే ఎప్పుడో డెంగీ వచ్చిపోయిందనే తరచుగా అర్థం. అయితే రెండోసారి డెంగీ సోకినవారిలో ఐజీజీ తొలి రోజుల్లోనే ఒక్కసారిగా పెరుగుతుంది, ఐజీఎం తక్కువగా ఉంటుంది, కొందరిలో అసలు కనిపించదు. తెలియకుండానే ఒకసారి డెంగీ వచ్చిపోయిన పెద్దలు మన దగ్గర చాలామందే ఉంటారు కాబట్టి, ఐజీజీ గడిని చదవకుండా వదిలేయడం మంచిది కాదు.

తర్వాత పరీక్ష పద్ధతిని చూడాలి. కార్డు టెస్టులో రక్తపు చుక్క, దానిపై బఫర్ ద్రవం వేస్తే 15–20 నిమిషాల్లో సి (కంట్రోల్, అంటే కార్డు పనిచేసిందన్న గుర్తు), జి (ఐజీజీ), ఎం (ఐజీఎం) అక్షరాల ఎదుట గీతలు తేలతాయి. సి గీత రాకపోతే ఆ కార్డు చెల్లదు. ఆ నిమిషాల గడువు దాటాక మెల్లగా తేలిన గీతను లెక్కలోకి తీసుకోకూడదు. ఎలిసా అనే ల్యాబు పరీక్షలో 96 గుంతల ప్లేటులో వచ్చిన రంగు గాఢతను యంత్రం కొలుస్తుంది, అందుకు కొన్ని గంటలు పడుతుంది. నమూనాలు పోగయ్యేదాకా ప్లేటు పెట్టని ల్యాబులూ ఉంటాయి, ఆలస్యానికి అదీ ఒక కారణం. కార్డు, ఎలిసా విభేదిస్తే, ఒకే రోజు నమూనా అయినప్పుడు, నేనైతే ఎలిసానే నమ్ముతాను. దోమల వంటి కీటకాలతో వచ్చే జబ్బుల నియంత్రణకు ఉన్న మన జాతీయ కార్యక్రమం కూడా నిర్ధారణకు ఎలిసానే అడుగుతుంది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ తయారుచేసిన ఐజీఎం కిట్లు డెంగీ కేసులపై నిఘా పెట్టే ప్రభుత్వ ల్యాబులకు వెళతాయి.

ఎలిసాకూ పరిమితులు ఉన్నాయి. జపనీస్ ఎన్సెఫలైటిస్, జికా వైరస్‌లు డెంగీ కుటుంబానివే కావడంతో, అవి సోకినా, జపనీస్ ఎన్సెఫలైటిస్ టీకా వేయించుకున్నా, డెంగీ పరీక్ష, ముఖ్యంగా ఐజీజీ, పొరపాటున పాజిటివ్ చూపవచ్చు. వీటిని విడదీసే న్యూట్రలైజేషన్ పరీక్షకు సజీవ వైరస్, రోజుల సమయం కావాలి. అది పెద్ద ల్యాబుల పని.

అంకెలను పోల్చేటప్పుడు ఒక కిట్‌లో వచ్చిన 14ను మరో కిట్‌లో వచ్చిన 2.1 పక్కన పెట్టి జబ్బు తగ్గిందనుకోవడం కుదరదు, ఎందుకంటే ప్రతి కిట్‌కూ దాని సొంత ప్రమాణం ఉంటుంది. మొదటి నమూనాతో సందేహం తీరకపోతే, పది పద్నాలుగు రోజుల తర్వాత అదే ల్యాబులో, అదే పద్ధతిలో రెండో నమూనా పరీక్షించమని అడగండి. ఐజీఎం నెగెటివ్ నుంచి పాజిటివ్‌కు మారినా, ఐజీజీ టైటర్ (రక్తంలో దాని స్థాయి) నాలుగు రెట్లు పెరిగినా అది ఇటీవలి ఇన్ఫెక్షనే. ఈలోగా తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం వంటివి కనిపిస్తే రెండో నమూనా కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.