గుండె వైఫల్యం: ఒంట్లో నీరు చేరుతున్నట్లు ఇంట్లోనే ముందుగా గుర్తించడం ఎలా?

గుండె వైఫల్యం (గుండె ఆగిపోకపోయినా, ఒంటికి కావలసినంత రక్తాన్ని సరిగా పంపలేని స్థితి) ఉన్న మనిషి ఆయాసంతో ఆసుపత్రికి చేరే సమయానికి, ఒంట్లో నీరు చేరడం మొదలై తరచుగా కొన్ని రోజులు గడిచిపోయి ఉంటాయి. ఆ రోజుల్లోనే పసిగట్టి డాక్టరుకు చెప్పగలిగితే, చాలాసార్లు మందుల మోతాదు మార్చడంతోనే పరిస్థితి చక్కబడుతుంది. అందుకు బరువు చూసే యంత్రం, ఒక నోటుపుస్తకం ఉంటే చాలు. అయితే ఆ యంత్రం చూపే అంకె ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ముందుగా గుండె చేసే పని తెలుసుకోవాలి.

గుండెలో పైన కర్ణికలు అనే రెండు గదులు, కింద జఠరికలు అనే రెండు గదులు ఉంటాయి. శరీరమంతా తిరిగి వచ్చిన రక్తం సిరల ద్వారా కుడి కర్ణికకు, అక్కడి నుంచి కుడి జఠరికకు చేరి ఊపిరితిత్తులకు వెళుతుంది. అక్కడ ఆక్సిజన్ నింపుకొని ఎడమ కర్ణికకు వచ్చి, ఎడమ జఠరికలోకి దిగి, బృహద్ధమని గుండా మళ్లీ అన్ని అవయవాలకూ ప్రవహిస్తుంది. విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలో ఒక్కో స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్ల చొప్పున, నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తం ఇలా ముందుకు సాగుతుంది. రెండు జఠరికలూ దాదాపు సమానంగా రక్తాన్ని పంపాలి. ఎడమ వైపు వెనకబడితే ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగి ఆయాసం వస్తుంది. కుడి వైపు వెనకబడితే కాళ్లలో, కాలేయంలో, పొట్టలో నీరు చేరుతుంది.

గుండెపోటులో కండరం కొంత దెబ్బతినడం, అదుపులో లేని రక్తపోటు ఏళ్ల తరబడి కొనసాగడం, కవాటాల జబ్బులు, గుండె కండరానికే వచ్చే వ్యాధులు గుండె వైఫల్యానికి ముఖ్య కారణాలు. కొందరిలో గుండె బలంగా ముడుచుకోలేదు. మరికొందరిలో ముడుచుకోవడం బాగానే ఉన్నా, గోడలు బిరుసెక్కి రక్తం సరిగా నిండదు. ఎకో పరీక్షలో (గుండెకు చేసే అల్ట్రాసౌండ్) ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే ఎడమ జఠరికలో నిండిన రక్తంలో ఒక్కో స్పందనకు బయటికి వెళ్లే వంతు, 40 శాతం లేదా అంతకన్నా తక్కువ ఉంటే మొదటి రకంగా లెక్కిస్తారు. రెండో రకంలో ఆ అంకె 50 శాతం, అంతకు మించి కూడా ఉంటుంది. కాబట్టి ఆ ఒక్క అంకె బాగుందని ఆయాసాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇక నీరు ఎందుకు చేరుతుందన్నది ఈ జబ్బులో అన్నిటికన్నా శ్రద్ధగా అర్థం చేసుకోవలసిన విషయం. గుండె పంపే రక్తం తగ్గినప్పుడు మూత్రపిండాలు దాన్ని గుండె లోపంగా గుర్తించలేవు; ఒంట్లో నీరే తగ్గిందన్నట్లు స్పందించి, రక్తపోటును పెంచే చర్యల గొలుసును మొదలుపెట్టే ఎంజైమైన రెనిన్‌ను విడుదల చేస్తాయి. దాని ప్రభావంతో రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఉప్పును ఒంట్లో నిలిపే ఆల్డోస్టిరాన్ హార్మోను పెరుగుతుంది, మూత్రంలో పోవలసిన ఉప్పూ నీరూ ఒంట్లోనే నిలిచిపోతాయి. రక్తం కోల్పోయిన మనిషిని కాపాడే ఈ ఏర్పాటే, బలహీనపడిన గుండె మీద మరింత భారం మోపుతుంది. గుండె వైఫల్యానికి వాడే మందుల్లో అనేకం ఈ గొలుసును ఎక్కడో ఒకచోట తెంచడానికి ఉద్దేశించినవే; అందువల్ల ఆయాసం తగ్గింది కదా అని వాటిని సొంతంగా మానేయడం చాలా ప్రమాదకరం.

ఒక లీటరు నీరు ఒంట్లో నిలిస్తే దాదాపు ఒక కిలో బరువు పెరుగుతుంది. కొవ్వు ఒక్క రాత్రిలో అంతగా పెరగదు. అందుకే ప్రతి ఉదయం మూత్రవిసర్జన తర్వాత, ఏమీ తినకముందు, ఒకే రకమైన బట్టలతో, ఒకే యంత్రం మీద బరువు చూసి తేదీతో సహా రాసుకోవాలి. యంత్రాన్ని గట్టి నేల మీద ఉంచాలి. ఒక్క రోజులో కిలోకు మించి, లేదా వారంలో రెండు కిలోలకు మించి పెరిగితే, ఇబ్బందేమీ అనిపించకపోయినా ఆ రోజే డాక్టరుకు తెలియజేయాలి. మీ డాక్టరు వేరే హద్దు చెప్పి ఉంటే దాన్నే పాటించండి.

బరువుతోపాటు కాళ్లను కూడా చూడాలి. మోకాలి కింద ముందుభాగపు ఎముక మీద బొటనవేలితో కొన్ని సెకన్లు నొక్కి తీసినప్పుడు గుంట అలాగే నిలిచి ఉంటే అక్కడ నీరు చేరిందని అర్థం. నిద్రలో ఊపిరాడక లేచి కూర్చోవలసి రావడం, ఇదివరకటి కన్నా ఎక్కువ దిండ్లు అవసరం కావడం, పడుకుంటే వచ్చే పొడి దగ్గు కూడా ఇదే సూచిస్తాయి. రోగి వీటిని వయసు ప్రభావమనుకొని చెప్పకపోవచ్చు, కనుక ఇంట్లోవారే అడగడం మంచిది.

ఉప్పు తగ్గించడం, నీరు ఎంత తాగాలో డాక్టరును అడిగి పాటించడం తప్పనిసరి. ఉప్పుకు బదులుగా దొరికే తక్కువ సోడియం ఉప్పుల్లో సాధారణంగా పొటాషియం ఉంటుంది. ఈ జబ్బుకు ఇచ్చే కొన్ని మందులు కూడా పొటాషియాన్ని పెంచుతాయి కనుక, అడగకుండా వాటిని వాడకూడదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు ఉప్పునూ నీటినీ నిలిపి, మూత్రపిండాలను దెబ్బతీయగలవు.

కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, దగ్గితే గులాబీ రంగు నురుగు పడటం వంటివి కనిపిస్తే బరువు చూస్తూ ఆగకుండా వెంటనే అత్యవసర వైద్యసహాయం పిలవాలి. అది అందేలోగా, స్పృహలో ఉండి ఆయాసపడుతున్న మనిషిని పడుకోబెట్టకుండా, వీపుకు ఆసరా ఇచ్చి, కాళ్లు కిందికి ఉండేలా నిటారుగా కూర్చోబెట్టాలి.