ఆఖరి సెమిస్టర్‌లో ఉద్యోగ వేట: ఎక్కడ ఆగిపోతోందో ముందు చూసుకోండి

"ఎంత ట్రై చేసినా జాబ్ రావట్లేదు" అనేవాళ్లను నేను ముందు అడిగేది ఒకటే: ఆగుతున్నది ఎక్కడ? అప్లై చేశాక కబురే ఉండట్లేదా, ఇంటర్వ్యూలో పోతోందా, అసలు అప్లై చేయడమే మొదలుపెట్టలేదా? ఒక్కోదానికి మందు వేరు.

సమస్య: బోలెడు చోట్ల అప్లై చేశాను, ఒక్క కాల్ కూడా లేదు

కారణం: చాలా కంపెనీల్లో రెజ్యూమెను మనిషి కంటే ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది. రెండు కాలమ్‌ల డిజైన్లు, టేబుళ్లు, బొమ్మలుగా పెట్టిన అక్షరాలు కొన్ని సాఫ్ట్‌వేర్లకు మింగుడుపడవు.

పరిష్కారం: మీ పీడీఎఫ్ తెరిచి, మొత్తం కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. చదువు వివరాల మధ్యలోకి ప్రాజెక్ట్ పేరు దూరిందా? ఫోన్ నంబర్ మాయమైందా? అవతలా అలాగే కనిపిస్తూ ఉండవచ్చు. ఒకే కాలమ్‌కి, ఒకే పేజీకి మార్చేయండి. ఆ రంగుల టెంప్లేట్ కోసం రాత్రంతా కూర్చున్నారని తెలుసు, అయినా సరే.

పేస్ట్ చేసింది శుభ్రంగానే వస్తే తప్పు మాటల్లో ఉండొచ్చు. ప్రకటనలో "డేటా అనాలిసిస్" అని ఉండి, ఆ పని మీరు నిజంగా చేసి ఉంటే, అదే మాట వాడండి. చేయనిది రాస్తే ఇంటర్వ్యూలో సరిగ్గా దాని మీదే అడుగుతారు.

సమస్య: ఎక్స్‌పీరియెన్స్ లేదు, రాయడానికేముంది?

కారణం: ఉంది. పేరు రాసి వదిలేస్తున్నారు. "లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, గ్రూప్ ప్రాజెక్ట్" అంటే అందులో మీరేం చేశారో ఎవరికి తెలుస్తుంది?

పరిష్కారం: "నలుగురి టీమ్‌లో డేటాబేస్ పని నాది. ఒకే పుస్తకం ఇద్దరి పేరు మీద నమోదవుతుంటే, ఆ తప్పు పట్టుకుని సరిచేశాను." ఇలా రాయండి. ట్యూషన్ చెప్పినా, ఫెస్ట్ లెక్కలు చూసినా ఇదే పద్ధతి.

సమస్య: ఇంటర్వ్యూలో నోరు పెగలట్లేదు

కారణం: చాలామందికి విషయం తెలుసు. నోటితో ఎప్పుడూ చెప్పి చూసుకోలేదు, అంతే.

పరిష్కారం: ఫోన్‌లో రికార్డ్ పెట్టి, మీ ప్రాజెక్ట్ గురించి రెండు నిమిషాలు చెప్పండి. తిరిగి వినడం నరకమే, కానీ "బేసిగ్గా" ఎన్నిసార్లు అన్నారో అక్కడే తెలుస్తుంది. పరిస్థితి, మీ బాధ్యత, మీరు చేసిన పని, ఫలితం అనే వరుసలో మళ్లీ చెప్పండి. ఎక్కువ సమయం మూడోదానికి ఇవ్వండి.

సమస్య: దేనికి అప్లై చేయాలో తెలియట్లేదు

పరిష్కారం: ఓ 20 ప్రకటనలు చదివి, పదే పదే కనిపించే నైపుణ్యాలు రాసుకోండి. సీనియర్‌కి "జాబ్ ఉంటే చెప్పన్నా" అని కాకుండా "మీ పనిలో రోజూ ఏం వాడతారన్నా?" అని మెసేజ్ పెట్టండి. మొదటిదానికి జవాబివ్వడం ఎవరికైనా కష్టమే.

సమస్య: కాల్ లెటర్ కాలేజీ మెయిల్‌కి వచ్చింది, అది తెరుచుకోవట్లేదు

కారణం: చదువు అయ్యాక చాలా కాలేజీలు ఆ ఖాతాలు మూసేస్తాయి.

పరిష్కారం: ఈ రోజే సొంత మెయిల్ ఐడీకి మారండి. కాలేజీ ఖాతా ఇంకా తెరుచుకుంటుంటే ప్రాజెక్ట్ ఫైళ్లు కూడా అందులోంచి దించుకోండి. రిఫరెన్స్ ఇచ్చే లెక్చరర్‌ని కాలేజీలో ఉండగానే అడిగి, రెజ్యూమె కాపీ ఒకటి ఆయనకీ పంపండి.