కిలిండిని నౌకా స్థావరం చరిత్రను వెతకడం ఎలా?

రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ నావికుడి సర్వీసు కాగితంలో 'హెచ్.ఎం.ఎస్. తానా' అని కనిపిస్తే ('హెచ్.ఎం.ఎస్.' బ్రిటిష్ యుద్ధ నౌకల పేర్ల ముందు ఉండే గుర్తు) ఓడల జాబితాలు తిరగేయకండి. తానా ఓడ కాదు. కెన్యాలో, మొంబాసా దీవిని ఆనుకున్న కిలిండిని రేవులోని ఒడ్డు స్థావరం. నౌకాదళ క్రమశిక్షణ చట్టం వర్తించాలంటే మనిషి పేరు ఏదో ఒక ఓడ సిబ్బంది పుస్తకంలో ఉండాలి. అందుకే ఒడ్డున ఉన్న ఆఫీసులకూ ఓడ పేరే పెట్టేవారు. శ్రీలంకలోని కొలంబోలో 'లంక', ట్రింకోమలీలో 'హైఫ్లయర్' అలాంటివే.

ముందుగా తేదీలు ఒక కాగితం మీద రాసుకోండి. 1942 ఏప్రిల్ 5న జపాన్ విమానాలు కొలంబోపైన, 9న ట్రింకోమలీపైన దాడి చేశాయి. మధ్యలో 6న మన విశాఖపట్నం, కాకినాడల మీదా బాంబులు వేశాయి. ఆ దాడుల తర్వాతే అడ్మిరల్ సోమర్‌విల్ నాయకత్వంలోని బ్రిటిష్ తూర్పు నౌకాదళానికి (ఈస్టర్న్ ఫ్లీట్) కిలిండిని ప్రధాన ఆశ్రయమైంది. జపాన్ రహస్య సందేశాలను ఛేదించే బృందం కూడా కొలంబో నుంచి అక్కడికే వెళ్లి, భారతీయ బాలుర కోసం కట్టిన ఒక బడిలో పనిచేసింది. 1943లో ఆ బృందం తిరిగి కొలంబో చేరింది. ఈ తేదీలు చేతిలో లేకపోతే ఏ ఫైలు ఏ దశకు చెందిందో తేల్చలేరు.

తర్వాత లండన్‌లో క్యూ అనే ప్రాంతంలోని బ్రిటిష్ జాతీయ ఆర్కైవ్స్ కేటలాగు చూడండి. చాలామంది 'తానా' అని మాత్రమే వెతికి ఏమీ లేదనుకుంటారు. ఫైళ్ల శీర్షికల్లో ఊరి పేరు ఉండవచ్చు కాబట్టి 'కిలిండిని', 'మొంబాసా', 'ఈస్టర్న్ ఫ్లీట్' అని విడివిడిగా, ఇంగ్లీషు స్పెల్లింగుతో వెతకండి. అక్కడ నౌకాదళ ఫైళ్ల వరుసలకు 'ఎ.డి.ఎం.' అనే గుర్తు ఉంటుంది. యుద్ధ డైరీలు, నివేదికలు ఎ.డి.ఎం. 199లో, కార్యాలయ ఉత్తరాలు ఎ.డి.ఎం. 1లో ఉంటాయి. ఏ అధికారి ఏ స్థావరంలో ఉన్నాడో ఎ.డి.ఎం. 177లోని రహస్య నేవీ లిస్టులు (నౌకాదళ అధికారుల జాబితాలు) చెబుతాయి. సందేశాలు ఛేదించిన బృందం కాగితాల కోసం మాత్రం హెచ్.డబ్ల్యు. 4 అనే వేరే వరుస చూడాలి.

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది సర్వీసు కాగితం చదవడంలోనే. తానా పేరు ఉన్నంత మాత్రాన ఆ మనిషి మొంబాసాలో ఉన్నాడని రాసేయకండి. చిన్న పడవల సిబ్బంది జీతాల లెక్క కూడా స్థావరం పుస్తకంలోనే నడిచేది. పక్కన బ్రాకెట్లో మరో పేరుంటే అతను నిజంగా పనిచేసింది దానిమీద. అప్పుడు ఆ రెండో పేరు పట్టుకుని మళ్లీ మొదటి నుంచి వెతకాలి.