షెడ్డులో ఫైర్ బోర్డులు ఎక్కడ పెట్టాలి, ఎలా పెట్టాలి

విశాఖలో గాజువాక ఆటోనగర్ షెడ్లకీ, దువ్వాడ వైపు గోడౌన్లకీ ఫైర్ బోర్డులు చేసి బిగించే పని నాది. యజమానులు ఫోన్ చేసి "ఒక సెట్టు ఎంత?" అని అడుగుతారు. షెడ్డు చూడకుండా నేను రేటు చెప్పను. ఒకే బోర్డు ఒకచోట ప్రాణం కాపాడుతుంది, రెండడుగులు పక్కకి పెడితే ఎవరికీ కనపడదు.

రంగుల సంగతి ముందు చెప్పేస్తాను. ఎర్ర పలక అంటే మంట ఆర్పే సామాను అక్కడుందని: ఫైర్ సిలిండర్, హోస్ రీల్ (నీళ్ల పైపు చుట్ట), అలారం బటన్. ఎర్ర గుండ్రంలో అడ్డగీత ఉంటే ఆ పని చెయ్యొద్దని. పసుపు త్రికోణం ప్రమాదానికి, నీలం గుండ్రం తప్పక పాటించాల్సినదానికి, ఆకుపచ్చ బయటికి దారికీ, బయటికొచ్చాక అందరూ చేరాల్సిన అసెంబ్లీ పాయింటుకీ. కంపెనీ లోగోకి మ్యాచ్ అవ్వాలని ఎగ్జిట్ బోర్డు నీలంలో అడిగేవాళ్లున్నారు. నేను చెయ్యను. ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లలో చాలామందికి తెలుగు చదవడం రాదు. రంగూ, పరిగెత్తే మనిషి బొమ్మా చూసే వాళ్లు కదులుతారు. బొమ్మ పెద్దగా వేసి, కింద తెలుగులో, హిందీలో రాయించండి.

ఇక అసలు పని. కొత్తగా చేరిన హెల్పర్‌ని ఒకణ్ణి పిలిచి, షెడ్డులో బాగా లోపలి మూల నిలబెట్టండి. "బయటికి వెళ్లు నాయనా" అని చెప్పి వెనకే నడవండి. అతను ఆగి అటూ ఇటూ చూసిన ప్రతి చోటా బాణం గుర్తుతో బోర్డు పడాలి. పాతవాళ్లతో ఈ పని చేయించకండి, వాళ్లకి దారి కాళ్లకే తెలుసు. ఒక బోర్డు దగ్గర నిలబడితే తర్వాతి బోర్డు కనపడాలి. సైజుకి లెక్క తేలిక: 15 మీటర్ల దూరం నుంచి కనపడాలంటే ఎత్తు 15 సెంటీమీటర్లకి తగ్గకూడదు. లోపల లైటు వెలిగే బోర్డయితే అందులో సగం చాలు.

ఎగ్జిట్ బోర్డు తలుపు రెక్కకి అంటించొద్దు. తలుపు తెరిచి గోడకి ఆనిస్తే బోర్డు దాని వెనక పడిపోతుంది. గుమ్మం పైన గోడకి బిగించండి. ఫైర్ సిలిండర్‌దీ అదే బాధ, ముందు కార్టన్లు పేరిస్తే గోడ బోర్డు కనపడదు. నడవాలోకి పొడుచుకొచ్చేలా, రెండువైపులా ముద్రించిన బోర్డు పైన పెట్టించండి. ఏ మంటకి వాడాలో కూడా రాయాలి. కరెంటు ప్యానెల్ దగ్గర సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ ఉంచి, నీళ్ల సిలిండర్ మీద "కరెంటు మంటకి, నూనె మంటకి వాడరాదు" అని పెద్ద అక్షరాల్లో పెట్టండి.

మంట రేగితే కరెంటు పోతుంది. పొగ పైకెక్కి కప్పు కింద కమ్ముకుంటుంది కాబట్టి పైనున్న బోర్డులే ముందు కనపడకుండా పోతాయి. అందుకే గోడ కింది భాగంలో, నేలకి దగ్గరగా కూడా చీకట్లో వెలిగే బాణాలు కావాలి. ఇక్కడ జాగ్రత్త. షాపులో రేడియం స్టిక్కర్ అని ఇచ్చేది చాలాసార్లు లారీల వెనక అంటించే రకం. అది లైటు పడితేనే మెరుస్తుంది, కటిక చీకట్లో ఏమీ కనపడదు. మనకి కావాల్సింది వెలుతురు పీల్చుకుని తర్వాత తనంతట తను వెలిగేది. కొనేముందు కాసేపు ట్యూబులైటు కింద ఉంచి, రెండు చేతులూ దోసిలిలా మూసి లోపలికి చూడండి, తెలిసిపోతుంది. ఎప్పుడూ లైటు వెయ్యని స్టోర్ రూములో అదీ పనిచెయ్యదు, అక్కడ బ్యాటరీ ఎగ్జిట్ లైటు పెట్టాల్సిందే. బిగించాక ఒక రాత్రి మెయిన్ ఆపి, షెడ్డంతా నడిచి చూడండి.

మన సముద్రపు గాలికి మామూలు స్క్రూలు తుప్పు పట్టి బోర్డు జారిపోతుంది, స్టెయిన్‌లెస్ స్టీలువే వాడండి. ఎండ పడే గోడల మీద ఎరుపు తొందరగా వెలిసిపోతుంది, ఆరుబయటివాటికి యూవీ లామినేషన్, అంటే ఎండకి రంగు పోకుండా కాపాడే పైపొర, అడగండి. 2014లో హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లం, అసెంబ్లీ పాయింట్ బోర్డు స్తంభాన్ని కాంక్రీటులో పాతించండి. ఆ చోటు ఫైరింజన్ వచ్చే గేటుకి అడ్డం కాకూడదు.

గేటు దగ్గరా, ఫోన్ దగ్గరా 101, 112 నంబర్ల కింద మీ షెడ్డు అడ్రస్ కూడా రాయించండి: బ్లాకు, ప్లాటు నంబరు, పక్కనున్న గుర్తు. నిన్న చేరిన కుర్రాడు ఆ టెన్షన్‌లో ఫోన్ చేసినా చూసి చదివి చెప్పగలగాలి, కాబట్టి ఆ అడ్రస్ హిందీ అక్షరాల్లో కూడా ఉండాలి.