పాత స్లాట్ కార్లకు ప్రాణం పోద్దాం – 3వ పాఠం: మోటారు, ఆ తర్వాత బాడీ

స్లాట్ కార్లంటే ట్రాక్‌లోని గాడి వెంట కరెంటుతో పరుగెత్తే బొమ్మ కార్లు. కిందటి పాఠంలో ఛాసిస్ (కారు అడుగు చట్రం) వంకర తీసి, ఇరుసులు సాఫీగా తిరిగేలా చేసుకున్నాం. ఇప్పుడు మోటారు బిగిద్దాం.

1960ల నాటి 1/24 స్కేలు (అసలు కారులో 24వ వంతు) కార్లలో తరచుగా కనబడేవి మబూచి మోటార్లు: చిన్నది 16డి, పెద్దది 36డి. ఒకదాని చోట ఇంకోటి నేరుగా పట్టదు. అప్పుడు చాలామంది ఆకురాయి తీసుకుని ఛాసిస్‌నే అరగదీస్తారు. దయచేసి ఆ పని చేయకండి, పోయిన లోహం మళ్లీ రాదు. పల్చటి ఇత్తడి రేకుతో చిన్న బ్రాకెట్ చేసుకుంటే సరిపోతుంది, ఎప్పుడు కావాలన్నా తీసేయొచ్చు. కాక్స్ కంపెనీ మెగ్నీషియం ఛాసిస్ అయితే మరీ జాగ్రత్త. దానికి మామూలు టంకం అంటదు, ఆకురాయికి రాలిన పొడికి నిప్పు తగిలితే భగ్గుమంటుంది.

స్క్రూ పొడవు ముందే చూసుకోండి. కొన లోపలికి ఎక్కువగా పోతే ఆర్మేచర్‌కు (మోటారు లోపల తిరిగే భాగం) తగిలి వైండింగ్ (దాని తీగచుట్టు) పాడైపోతుంది. బిగించాక షాఫ్ట్‌ను వేళ్లతో తిప్పండి. గరగరమంటే స్క్రూ కింద ఇంకో వాషర్ వేయండి.

అసలు పనితనమంతా గేర్ల దగ్గరే. మోటారు కారు పొడవునా ఉండే ఇన్‌లైన్ ఛాసిస్‌లో పినియన్ (మోటారు షాఫ్ట్ మీది చిన్న గేరు) కొన ఇరుసుకు తగలకూడదు. క్రౌన్ గేరు (ఇరుసు మీది పెద్ద గేరు) సెట్ స్క్రూ, అంటే దాన్ని ఇరుసుకు పట్టి ఉంచే చిన్న స్క్రూ, వదులు చేసి, పళ్ల మధ్య సన్నటి కాగితం ముక్క పెట్టి, గేరును దగ్గరికి జరిపి బిగించండి. చక్రం తిప్పి కాగితం బయటికి తీస్తే దానిమీద పళ్ల మడతలు స్పష్టంగా పడాలి, కాగితం మాత్రం చిరగకూడదు. చిరిగితే బిగువు ఎక్కువైనట్టు. మడతలే పడకపోతే పళ్లు జారి అరిగిపోతాయి. పాత గేర్లు కచ్చితమైన గుండ్రంగా ఉండవు కాబట్టి చక్రాన్ని పూర్తి చుట్టు తిప్పి, ఎక్కడ బాగా బిగుస్తుందో అక్కడే ఈ పరీక్ష చేయాలి. తర్వాత మూడు నాలుగు వోల్టుల మీద కాసేపు నడపండి. కారు వెనక్కి పోతుంటే మోటారు వైర్లు రెండూ అటూ ఇటూ మార్చండి.

ఇక బాడీ. ముందూ వెనకా చక్రాలు బాడీలోని చక్రాల వంపుల నడిమధ్యకు వచ్చేలా వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) సరిచేయండి. బాడీని వేలితో కిందికి నొక్కినా టైర్లకు రాసుకోకూడదు. పాత పారదర్శక బాడీలు పెళుసుగా ఉంటాయి, బాడీని ఛాసిస్‌కు పట్టి ఉంచే పిన్ను కోసం రంధ్రం చేసేచోట లోపలివైపు టేపు అంటించి, సన్నటి డ్రిల్‌ను చేత్తోనే తిప్పండి. రంధ్రం పిన్ను కన్నా కొంచెం పెద్దదే ఉండాలి. బాడీ కాస్త కదిలితేనే మలుపుల్లో ఛాసిస్ అదురు దానికి అందదు, కారు గాడిలో నిలుస్తుంది.

వచ్చే పాఠంలో గైడ్ (కారును గాడిలో నడిపించే ముక్క), బ్రెయిడ్ (ట్రాక్ నుంచి కరెంటు అందుకునే అల్లిక తీగ).