చేపలూ రొయ్యలూ, 5వ పాఠం: ఇగురులో రొయ్య ఎందుకు గట్టిపడింది?

పీతలు వచ్చేసారికి వాయిదా. పోయిన పాఠం చూసి ఇగురు వండినవాళ్లలో చాలామందిది ఒకటే ఫిర్యాదు: రొయ్యలు గట్టిపడ్డాయి, సగానికి సగం చిన్నవైపోయాయి.

ఒలవడం, నల్లపేగు తీయడం, ఉప్పూ పసుపూ వేసి కడగడం మళ్లీ చెప్పను. చిక్కంతా "నీరు ఇగిరేదాకా ఉడికించాలి" అని ఇళ్లలో అనుకునే మాటతోనే. అరకిలో ఒలిచిన రొయ్యలు వేడెక్కగానే దాదాపు టీ గ్లాసుడు నీరు వదులుతాయి. అది ఇగరడానికి పది నిమిషాలైనా పడుతుంది. రొయ్య ఉడకడానికి మూడు చాలు. మిగతా ఏడు నిమిషాలూ కండ బిగుసుకుంటూ ఇంకా నీరు వదులుతుంది, ఆ నీటి కోసం మీరు ఇంకాసేపు మంట పెడతారు.

అందుకే వెడల్పు మూకుడు, పెద్ద మంట. రెండు నిమిషాలకే రొయ్యల్ని పళ్లెంలోకి తీసేయండి. నీరు మాత్రం నాలుగు చెంచాలయ్యేదాకా మరగనివ్వండి. పారబోస్తే రుచి పోయినట్టే. ఉల్లి, అల్లంవెల్లుల్లి, కారం విడిగా నూనె తేలేదాకా వేయించి, ఆ నీరు పోసి, దగ్గరపడ్డాక రొయ్యలు వేసి ఒక్క నిమిషం తిప్పి దించండి. గోంగూరైనా చింతచిగురైనా ముందు ఆకు మగ్గాలి, రొయ్య ఆఖర్న.

"ఎర్రబడింది, ఉడికిపోయింది" అనే మాట వింటేనే నాకు చిరాకు. అస్టాజాంథిన్ అనే ఎర్రరంగు పచ్చి రొయ్యలోనూ ఉంటుంది. ఒక ప్రొటీన్ దాన్ని పట్టి ఉంచడంవల్ల బూడిద, నీలం ఛాయలో కనిపిస్తుంది. వేడికి ఆ పట్టు వదిలి ఎరుపు బయటపడుతుంది. అది పైభాగం సంగతే చెబుతుంది. పసుపు పట్టించారంటే ఆ మాత్రమూ తెలియదు. తల తెగినవైపు, మందంగా ఉన్నచోట కోసి చూడండి: లోపలిదాకా తెల్లబడి ఉండాలి. కొడవలిలా వంగితే సరిపోయింది. తోక వచ్చి మెడకు తగిలిందా, ఎక్కువైనట్టే.

పై లెక్క 40, 50 కౌంట్ వనామీకి, అంటే చెరువుల్లో పెంచే రొయ్య రకానికి. కౌంట్ అంటే కిలోకి ఎన్ని తూగుతాయో ఆ సంఖ్య, కాబట్టి అంకె పెరిగితే రొయ్య చిన్నది. 100 కౌంట్ అయితే మొదటి ఉడుకు నిమిషమే. ఫ్రీజర్ ప్యాకెట్‌ని రాత్రంతా ఫ్రిజ్‌లో కరగనిచ్చి, గుడ్డతో తడి అద్దాకే వాడండి.

అభ్యాసం: పది రొయ్యలు, ఉప్పు మాత్రమే, పెద్ద మంట. నిమిషం దాటాక అర నిమిషానికొకటి తీసి, కోసి, తిని, సమయం రాసుకోండి. మీ పొయ్యికి సరిపడే అంకె అందులో దొరుకుతుంది. పీతలు కొనేముందు అది నా దగ్గరికి రావాలి.