పపీటేలో పర్సు ఖాళీ కాకుండా

పసిఫిక్ సముద్రంలోని ఫ్రెంచ్ పాలినేషియా దీవి తాహితీ అనగానే ఖర్చు గురించి టెన్షన్ పడతాం. ఖరీదే, కాదనను. కానీ అక్కడి రాజధాని పపీటే రిసార్టు ఊరు కాదు, ఓడరేవు. పనికెళ్లేవాళ్లు తినేచోటే మనమూ తింటే సరి. సాయంత్రమయ్యేసరికి రేవు పక్కనే వైయెతే మైదానంలో రులోత్‌లు, అంటే తిండి బండ్లు, బారులు తీరతాయి. చౌమీన్ ప్లేటు ఒకటి చెప్పి ముందు సైజు చూడండి, ఇద్దరికి సరిపోవచ్చు. పచ్చి ట్యూనా ముక్కల్ని నిమ్మరసంలో, కొబ్బరిపాలలో కలిపి ఇస్తారు. పొయ్యి మీద పెట్టరు మరి, గుండె దిటవు చేసుకోండి! చేతిలో అక్కడి డబ్బు, పసిఫిక్ ఫ్రాంకుల నోట్లు ఉంచుకోండి. టిప్పు ఇచ్చే అలవాటు అక్కడ లేదు.

మార్కెట్టుకి ఆదివారమైతే చీకటితోనే వెళ్లాలి, పొద్దెక్కితే సందడి పోతుంది. పొడుగాటి ఫ్రెంచి బ్రెడ్డు, నాలుగు అరటిపళ్లు కొంటే మధ్యాహ్నం గడిచిపోతుంది. బోరాబోరా దీవికి విమానం టికెట్టు చూసి దిగులు పడొద్దు, రేవులో ఫెర్రీ ఎక్కితే ముప్పావుగంటలోపే పక్క దీవి మూరేఆ.

అన్నట్టు, ఇండియా పాస్‌పోర్టుకి యూరప్ దేశాలకి తీసుకునే మామూలు షెంగెన్ వీసా అక్కడ చెల్లదు. ఫ్రెంచ్ పాలినేషియాకి విడిగా తీసుకోవాలి.